హమీద్ పథ్యం

"నాకు మొలలొచ్చినయ్ బిడ్డా. రేపు దవాఖానాకు నువ్వు గూడ రావాలె," అన్నాడు హమీద్, పళ్లెం ముందు కూర్చుంటూ.

జహీరా చేతిలో గరిటె ఆగిపోయింది. కోడలితో అనే మాటేనా ఇది? సిగ్గుతో సగం చచ్చిపోయింది. మిగతా సగానికి కారణం వేరే ఉంది. నాలుగు రోజులుగా ఆమె నిలబడే వండుతోంది, నిలబడే తింటోంది. ఏడో నెల. దొడ్డికి వెళ్తే ప్రాణం పోయేంత నొప్పి, మొన్నటి నుంచి రక్తం. కడుపులో బిడ్డకే ఏదో అయిందని లోలోపల వణికిపోతోంది. చెప్పుకుందామంటే అత్త పోయి మూడేళ్లు. ములకలపల్లిలో తల్లికి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదీ వింటారు. భర్త ఖాలిద్ బొగ్గు లారీ ఎక్కితే మూడో రోజుకు గాని ఇల్లు చేరడు.

"ఆయన వచ్చినంక పోరాదు మామా?"

"అప్పటిదాంక ఆగుతదా? డాక్టరమ్మ చెప్పేది నాకు యాదుండదు. నువ్వు ఇని గుర్తువెట్టుకో."

హమీద్ మణుగూరు బజారులో పరుపులు కుడతాడు. పరుపు విప్పి దూది చూస్తే చాలు, దాని మీద పడుకున్న మనిషికి ఎక్కడ నొప్పో చెప్పేస్తానని గొప్పలు పోతాడు. మొన్న జహీరా పరుపు కూడా విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టిపెట్టాడు. ఆ గొప్పలు విని విని ఆమెకు విసుగొచ్చింది.

మర్నాడు దవాఖానాలో ఆయన వరసలో నిలబడి ఒక్క ఓపీ చీటీ రాయించుకున్నాడు. ముందు తనొక్కడే డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు. కాసేపటికి బయటికొచ్చి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నిన్ను కూడా రమ్మంటున్నారని జహీరాను లోపలికి పంపాడు. ఎలాగూ వచ్చావు కదా, నిన్ను కూడా చూస్తానంది డాక్టరమ్మ. నెమ్మదిగా ఒక్కో మాటా అడిగింది. మూడో ప్రశ్నకే జహీరా భోరుమని ఏడ్చి అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ తెర చాటున పరీక్ష చేసింది. బిడ్డ గుండె చప్పుడు వినిపించింది.

"బిడ్డ మంచిగున్నది. రక్తం కడుపుల నుంచి కాదు, మొలల నుంచి. కడుపుతోని ఉన్నోళ్లల్ల శానామందికి వస్తయి. చెప్పుకోరు, అంతే."

జహీరాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మామకు, తనకు ఒకే జబ్బు ఒకేసారి రావడమేమిటో అనుకుంది. ఆయనకు చెప్పొద్దని బతిమాలింది. నేను చెప్పనని డాక్టరమ్మ నవ్వి, ఆయన పథ్యమే నీకూ పథ్యమంది. కడుపుతో ఉన్నవాళ్లు వాడదగ్గ పూతమందు ఇచ్చింది. రక్తం ఎక్కువైతే మాత్రం వెంటనే రమ్మంది.

ఆ రోజు నుంచి హమీద్ ఇల్లు పీకి పందిరేశాడు. కూరలో కారం వద్దు. జొన్నరొట్టె, తోటకూర, బీరకాయ కావాలి. పొద్దున్నే నానిన అంజీర్ కావాలి. ఒక్కడే తాగితే నీళ్లు దిగవట, తను గ్లాసెత్తినప్పుడల్లా కోడలూ ఎత్తాలి. దొడ్డికొస్తే ఆపుకోవద్దు, కూర్చుని ముక్కొద్దు అంటూ డాక్టరమ్మ మాటలు వంటింట్లోకి వినబడేలా వల్లించేవాడు. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోయించుకుని, తీరా కూర్చునే వేళకు దుకాణంలో బేరమొచ్చిందని వెళ్లిపోయేవాడు. నీళ్లు వృథా ఎందుకని జహీరాయే అందులో కూర్చునేది. దుకాణానికి దూది అమ్మే ముసలయ్య అడవి నుంచి తెచ్చిన బూరుగుదూదితో కూర్చునే మెత్త కుట్టుకుని, మరీ మెత్తగుందని రెండో రోజే మూలకు విసిరేశాడు. అదీ ఆమెకే దక్కింది.

ఒకరోజు ఖాలిద్ ఇంటికొస్తూనే తండ్రిని పట్టించాడు. సెంటర్లో మిర్చిబజ్జీ తింటుంటే కళ్లారా చూశాడట.

"గట్ల తింటే ఎట్ల తగ్గుతది మామా?" జహీరా నిలదీసింది.

"ఒక్కటే బిడ్డా," అని హమీద్ తల దించుకున్నాడు.

మూడు వారాలకు జహీరాకు నొప్పి పోయింది, రక్తం కనబడటం మానేసింది. ఆ రోజు మామ పక్కనే నేల మీద హాయిగా కూర్చుని, ఎన్నాళ్లకో కడుపునిండా తింది. ఇప్పుడెలా ఉందని ఆయన్ని అడిగింది.

హమీద్ ఆమె వంక చూసి, "తగ్గింది బిడ్డా. మంచిగ తగ్గింది," అన్నాడు. పథ్యం మాత్రం ఇంకో రెండు నెలలు నడవాల్సిందేనని నిట్టూర్చాడు.

మర్నాడు ఆయన చొక్కా నీళ్లలో వేయబోతే జేబులో ఏదో తగిలింది. దవాఖానా చీటీ. ఇన్నాళ్లూ ఎవరి చేతికీ ఇవ్వకుండా, ఏ చొక్కా వేస్తే ఆ జేబులోకి మార్చుకుంటూ తిరిగింది దీన్నే. తడవకుండా తీసి, మడత విప్పింది.

రోగి పేరు దగ్గర జహీరా అని ఉంది.