నీలం గడిలో ఇల్లు

"కుదరదమ్మా, ఇది తప్పు," అన్నారు డైరెక్టరుగారు, తెర మీద వేలు పెట్టి.

ఆ వేలి కింద ఆయన సొంతిల్లు ఉంది. ఇల్లంతా నీలంగా ఉంది.

సముద్రం పెరిగితే తీరంలోని చిత్తడి నేలలు ఎటు జరుగుతాయో కంప్యూటర్లో లెక్కగట్టే ఆఫీసు అది. పోటు వేళ నీళ్లొచ్చే చోటు నీలం. ఉప్పునీటి గడ్డి మొలిచే చోటు ఆకుపచ్చ. పొడి నేల గోధుమరంగు. మ్యాపు వేసేది ఆ లెక్కల మోడల్ నడిపే అమ్మాయి, సంతకం పెట్టేది డైరెక్టరుగారు. సంతకం పడిందా, మ్యాపు ఊరందరి చేతుల్లోకీ వెళ్తుంది. నీలం గడిలో ఉన్న ఇంటివైపు ఆ తర్వాత ఎవడు చూస్తాడు? పాపం, ఆయన జీవితమంతా కూడబెట్టింది ఆ గోడల్లోనే పోశారు.

"సముద్రం ఎంత పెట్టావు?"

అమ్మాయి అంకె చెప్పింది.

"అమ్మో! అంత ఎక్కువా! కాస్త తగ్గించు."

"అది తగ్గించేది కాదు సార్. అసలు ఈ మ్యాపు..."

"ఎందుకు కాదు? సముద్రమేమన్నా నీకు చుట్టమా? తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు అంచనాలుంటాయి కదా. నువ్వు ఏకంగా ఎక్కువ పెట్టి కూర్చున్నావు!"

ఇంతలో ఫోను. ఇంటి నుంచి భార్య.

"ఏవండీ, హాల్లో మళ్లీ నీళ్లు! పొద్దున్నే కదా తుడిచాను."

"ప్లంబరు ఏం వెలగబెడుతున్నాడు?"

"పైపులన్నీ మార్చేశాడు. లీకు ఎక్కడో తెలీట్లేదట. పెరట్లో గులాబీలు కూడా చచ్చాయండీ. ఏదో మొండి గడ్డి, పీకినకొద్దీ వస్తోంది."

"వాడికి పని రాదు. ఇంకొకణ్ణి పిలువు," అని ఫోను పెట్టేశారు. మొన్న తాపీమేస్త్రీ, నిన్న ప్లంబరు, ఇవాళ ఈ పిల్ల. లోకమంతా కూడబలుక్కుని తన ఇంటి మీద పడ్డట్టుంది. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"చూడు తల్లీ," గొంతు మెత్తబడింది. "మా అమ్మాయిలాంటిదానివి. సగం చెయ్యి."

"సార్, ఒక్కసారి నేను చెప్పేది..."

"సగం!"

ఇక వాదించి లాభం లేదని అమ్మాయి అంకె సగం చేసింది. కంప్యూటరు కాసేపు గింజుకుని కొత్త మ్యాపు వేసింది. నీలం ఆయన గేటు దాకా వచ్చి ఆగింది. గడ్డి మాత్రం పెరట్లోకి దూరింది.

"ఇంకొంచెం లాగమ్మా."

కూరగాయల బేరంలా ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ సముద్రాన్ని వెనక్కి లాగించారు. చివరికి ఇల్లు, పెరడు, వీధి, అన్నీ గోధుమరంగులోకి వచ్చి కూర్చున్నాయి.

డైరెక్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంటికి ఫోను చేశారు.

"మన ఇంటికి ఢోకా లేదే! సైన్సే చెప్పింది. ఆ నీళ్లంటావా, పైపే. హాలు తవ్వించెయ్."

అమ్మాయి ప్రింటు తీసిచ్చిన మ్యాపు ముందు పెట్టుకుని జేబులోంచి పెన్ను తీశారు. మూత తీసి, మ్యాపు కింద ఖాళీగా ఉన్న చోటు చూశారు.

"ఇంతకీ ఇది ఎప్పటి సంగతమ్మా? ముప్ఫయ్యేళ్ల తర్వాతా, యాభయ్యేళ్ల తర్వాతా?"

"రాబోయే కాలం ఇంకా మొదలే పెట్టలేదు సార్, మీ ఇల్లు నీలంగా కనబడిన ఆ మొదటిది, మోడల్ నిజం చెబుతోందో లేదో సరిచూసుకుందామని వేసిన ఈ ఏడాది మ్యాపు."