సీటు మీద బరువు

పడవ ఇంజన్లు బాగుచేసే సన్యాసయ్యకు ఆ రాత్రి గడ్డి కోసే బండి తగిలింది. తెల్లారితే జీడిపిక్కలు ఏరాలి. తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. బండి చూస్తే రెండు నిమిషాలు ఆడి, దగ్గి, చల్లబడిపోతోంది. పైగా అది సీటు మీంచి మనిషి దిగితే ఇంజను దానంతటదే ఆగిపోయే రకం. అందుకని సీటు మీద ఒక కొబ్బరి గెలను కూర్చోబెట్టి పనిలోకి దిగాడు. తోట గలామె వనజ టార్చి పట్టుకుంది.

"పెట్రోలు మూతకున్న సిల్లు పూడిపోనాదమ్మా! గాలాడక ఉక్కిరిబిక్కిరైపోతంది," అని నవ్వి, చీపురుపుల్లతో పొడిచాడు. ఇంజను హాయిగా అందుకుంది.

సన్యాసయ్య గెల ఎత్తి కింద పెట్టాడు. ఇంజను ఆగలేదు.

"అదేటి, ఆగలేదేటి?" అంది వనజ.

టార్చి వెలుగులో సీటు స్పాంజి ఇంకా అణిగే ఉంది.

సన్యాసయ్య గొంతు సవరించుకుని, కొత్తల్లుడితో మాట్లాడినంత మర్యాదగా, "బాబూ, బండి బాగయిపోనాది. మరి దిగండి," అన్నాడు.

స్పాంజి మెల్లగా పైకి లేచింది. ఇంజను ఆగింది. దూరంగా సముద్రం హోరు. దగ్గర్లో ఎండుటాకులు ఒక్కసారి నలిగాయి.

"సూసేరా అమ్మా, మాట ఇనీ మనిసే!" అని పగలబడి నవ్వుతూ తన మోటారు సైకిలెక్కాడు.

కిక్కు కొట్టబోతుంటే వెనక సీటు కిర్రుమంటూ కిందికి దిగింది.

సన్యాసయ్య వెనక్కి తిరగలేదు.

"ఎందాకా బాబూ?" అనడిగాడు.