వెనకాల స్కూటరు

"ఒక్కదానివేనా అమ్మా?"

సీసాలో నీళ్ళు పట్టుకుంటున్న ఆ అమ్మాయి ఉలిక్కిపడింది.

అడిగినవాడికి అరవై ఏళ్ళుంటాయి. మాసిన చొక్కా, పెరిగిన గడ్డం, పక్కన ఓ పాత స్కూటరు. కొండ మీద ఆ కుళాయి దగ్గర మరో నరమానవుడు లేడు.

"కాదు. వెనకాల మావాళ్ళొస్తున్నారు."

అది సగం అబద్ధం. రాత్రి కొండమీది ఊరి బడి వరండాలో ఆమెతోపాటు తలదాచుకున్న భార్యాభర్తలు సైకిళ్ళు బాగు చేసుకుని మధ్యాహ్నానికి గాని బయల్దేరరు. పొద్దున తమ రొట్టెలో సగం విరిచి ఆమె చేతిలో పెట్టింది వాళ్ళే.

నలభై రోజులుగా ఆమె సైకిల్ యాత్ర అలాగే సాగుతోంది. జేబులో డబ్బు తక్కువ, నోట్లో మంచిమాట ఎక్కువ. ఎవరు పెడితే వాళ్ళింట్లో తిండి, ఎవరు చోటిస్తే వాళ్ళ వరండాలో నిద్ర.

నిర్మానుష్యమైన దారిలో ఒంటరి మగవాణ్ణి మాత్రం నమ్మకూడదని ఆమె నియమం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

"కింద దాకా పద్నాలుగు మలుపులు తల్లీ. భయం లేదు, నేను వెనకాలే ఉంటా."

ఆ మాటతోనే ఆమెకు అసలు భయం మొదలైంది.

సీసా మూత కూడా సరిగ్గా పెట్టకుండా సైకిలెక్కింది. అతను ఫోన్లో ఎవరితోనో అంటున్న మాటలు చెవిన పడ్డాయి.

"ఆడపిల్ల. ఒక్కతే దిగుతోంది... ఆఁ, సిద్ధంగా ఉంచు."

ఆమె తన ఫోను తీసి చూసింది. తన నెట్‌వర్క్‌కి అక్కడ సిగ్నల్ లేదు.

మొదటి మలుపు తిరిగేసరికి వెనకాల స్కూటర్ చప్పుడు.

ఆమె జోరు పెంచితే అతనూ పెంచాడు. తగ్గిస్తే తగ్గించాడు. బూటు లేసు కట్టుకునే నెపంతో ఆగింది. కాస్త దూరంలో అతనూ ఆగాడు.

ముందుకు పొమ్మని చేత్తో సైగ చేసింది.

"నువ్వు పద తల్లీ," అన్నాడు నవ్వుతూ.

ఆమె మళ్ళీ సైకిలెక్కి గబగబా తొక్కింది.

మలుపు మలుపుకీ హారన్ మోత. కింద కాచుక్కూర్చున్న వాడెవడికో గుర్తు ఇస్తున్నాడనుకుంది. పైగా రోడ్డంతా తన సొంతమైనట్టు నడిమధ్యన నడుపుతున్నాడు. లారీల వాళ్ళు అతన్ని తిట్టుకుంటూ దూరంగా తప్పుకుపోతున్నారు. ఆమె చెయ్యెత్తి పిలిచినా ఒక్కరూ ఆగలేదు.

ఆరో మలుపు తిరగ్గానే కొండవైపు ఓ పెద్ద బండ కనిపించింది. సైకిల్‌తో సహా దాని వెనక నక్కి, ఊపిరి బిగబట్టింది.

స్కూటర్ ఆగింది. అతను ఇంజన్ ఆపి, దిగి, గబగబా పిట్టగోడ దగ్గరికి వెళ్ళి లోయలోకి తొంగి చూశాడు.

"అమ్మాయ్! ఓ అమ్మాయ్!"

ఇంతకన్నా అదను దొరకదు. పిల్లిలా వచ్చి స్కూటర్ తాళంచెవి లాగింది. శక్తికొద్దీ లోయలోకి విసిరింది.

అతను వెనక్కి తిరిగాడు. ముఖం పాలిపోయి ఉంది.

"వెళ్ళకమ్మా! ఒక్కదానివే వెళ్ళకు!"

వింటుందా! ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దౌడు తీసింది.

ఏడు. ఎనిమిది. వెనకాల చప్పుడు లేదు. హమ్మయ్య అనుకుంది.

తొమ్మిదో మలుపులో లారీ వచ్చింది.

దాని హారన్ వినపడేలోపే గాలి ఆమెను పిట్టగోడకేసి కొట్టింది. మోచెయ్యి చీరుకుపోయింది. ఇంకో జానెడు ఇటు వచ్చి ఉంటే ఆమె చక్రాల కింద ఉండేది. లారీ ఆగనైనా ఆగలేదు.

అంతసేపూ ఒక్క లారీ కూడా అంత దగ్గరగా రాలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

మిగతా అయిదు మలుపులూ సైకిల్ నడిపించుకుంటూ దిగింది.

కింద పంక్చర్ల షాపు. బల్ల మీద రెండు గ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది.

"రా అమ్మా, కూర్చో. అయ్యో, ఆ చెయ్యేంటి? ఆయనేడీ?" అన్నాడు షాపు యజమాని.

"ఎవరు?"

"మా స్కూటరాయన. నువ్వొస్తున్నావు, టీ సిద్ధంగా ఉంచమని ఫోన్ చేశాడే!"

ఆమె ఆ రెండు గ్లాసుల వంకా చూసింది.

"నీకు చెప్పి ఉండడులే. పట్టుమని పది మాటలు మాట్లాడడు. ఎనిమిదేళ్ళ కింద తొమ్మిదో మలుపులో ఓ పిల్ల ఇలాగే సైకిల్ మీద దిగుతుంటే లారీ గుద్దేసింది. అప్పట్నుంచీ ఎవరు సైకిల్ మీద దిగినా ఆయన వెనకాలే వస్తాడు. మధ్యలో స్కూటర్ అడ్డం ఉంటే లారీలు దూరంగా పోతాయని."

ఆమె భోరుమంది.

"తాళంచెవి లోయలో పారేశాను బాబాయ్. ఏదో చేస్తాడని భయమేసింది."

షాపాయన తిట్టలేదు. ఆమెకివ్వబోయిన గ్లాసు తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"మరి వెనకాల మీవాళ్ళొస్తున్నారటగా? నిన్ను దించేసి, వాళ్ళకోసం మళ్ళీ పైకి వెళ్తానన్నాడే!"

విరిచి ఇచ్చిన రొట్టె ఆమె కళ్ళముందు మెదిలింది. గోడ గడియారంలో పన్నెండు దాటింది, వాళ్ళు దిగే వేళ. కొండ మీద పడ్డ భయమంతా ఈ భయం ముందు బలాదూర్.

షాపాయన అప్పటికే మోపెడ్ బయటికి తీస్తున్నాడు. ఆమె పరుగున వెళ్ళి వెనక ఎక్కింది.

బండి కొండ ఎక్కుతుంటే అడగలేక అడిగింది.

"ఆ పిల్ల ఆయన కూతురా బాబాయ్?"

"కూతురు నాదమ్మా," అన్నాడాయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "లారీ నడిపింది ఆయన."