రొయ్యల చదువు

నా కూతురు శ్యామల డాక్టరీ చదువుతోందని మా పూరీ గేట్ పేటంతా చాటాను. అందుకే వర్క్‌షాపులో నాతో పనిచేసిన నూకయ్య ఆ సాయంత్రం తన మోకాలు చూపించడానికి వచ్చాడు.

"మనుషుల వైద్యం నాకు రాదు మావయ్యా. రొయ్యలు రోగాన్ని ఎలా తట్టుకుంటాయో నేర్చుకుంటన్నాను" అంది శ్యామల.

నాకు తల కొట్టేసినట్టయింది. నూకయ్య నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఓలమ్మా! మా తమ్ముడి సెరువులో రొయ్యలన్నీ తెల్లమచ్చలొచ్చి సచ్చిపోనాయి. ముందే తెలిస్తే నీకాడికే పంపుదును గదే!"

"పోయిన నెల చెరువులున్నోళ్లకి మా కాలేజీలో ట్రైనింగ్ ఇచ్చినాం మావయ్యా. రోగం రాకుండా ఏటి చెయ్యాలో చెప్పినాం. మనోళ్లకెవరికైనా చెరువుందా అని నాన్నని..." అంటూ ఆగిపోయింది.

"అడిగినావా? బావేటన్నాడు?"

అప్పుడు అది అడిగితే ఎవరికీ లేదన్నాను. నూకయ్య తమ్ముడి చెరువు సంగతి నాకు తెలుసు. కానీ నా కూతురిది రొయ్యల చదువని వీధిలో పొక్కకూడదు.

శ్యామల నా వైపు చూడలేదు. "అడుగుదామనుకుని మర్చిపోనాను మావయ్యా. తప్పు నాదే."

"ఎంత సదివితే ఏటి లాభమే! సొంతోళ్లు గుర్తురాలేదా?" అని నూకయ్య దాన్ని తిట్టిపోశాడు.

అది తల వంచుకుని వింది. నేను నోరు విప్పలేదు.