అందవలసిన చోటు

బడి తెరిచిన సోమవారం మా అమ్మాయి టిఫిన్ బాక్సుకీ, నీళ్ళ సీసాకీ, గొడుక్కీ పేరు చీటీలు అంటించాను.

"ఎందుకు నాన్నా?"

"పేరూ చోటూ రాసుంటే ఏదీ తప్పిపోదు తల్లీ. పోస్ట్‌మాన్ మాట నమ్ము," అన్నాను దర్జాగా.

ఆ సాయంత్రమే అరగంట ఆలస్యంగా వెళ్ళాను. గేటు దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. గురువారం దాకా అదే వరస. ఉత్తరం ఇచ్చిన ప్రతి ఇంటా కబుర్లకి నిలబడిపోవడం నా జబ్బు.

శుక్రవారం పొద్దున, ఎన్నడూ లేనిది, వెనకనుంచి వాటేసుకుని మరీ పంపింది.

ఆ రోజు ఊరికేమైందో తెలియదు. కుట్టుమిషను అక్క గబగబా సంతకం గీకేసి, "ఇంకా ఇక్కడే ఉన్నావేంటి తమ్ముడూ, కదులు!" అంది. మందులషాపు పెద్దాయన గడియారం చూపించి తరిమేశాడు. ఒళ్ళు మండింది. వీళ్ళకి నేనేం అపకారం చేశాను?

బడికి పది నిమిషాలు ముందే చేరాను. గంట కొట్టగానే మా అమ్మాయి పరుగున వచ్చి, నా వీపు మీంచి చీటీ ఒకటి పీకి చేతిలో పెట్టింది.

పైన నా రాతలో తన పేరు, రెండో తరగతి. కింద తన వంకర అక్షరాలు:

"మా నాన్న. మూడున్నరకి బడి గేటు దగ్గర ఇవ్వండి."