కందుల గోదాం

మాటలకు మొహం వాచిపోయింది రెబెక్కకు.

బీటెక్ మూడో ఏడు పరీక్షలు రాసి తాండూరు వచ్చినప్పుడు ఈ ఎండాకాలం గురించి ఎన్ని ఊహించుకుందో. వికారాబాద్ స్టేషన్ దగ్గర చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికింది. పొద్దున రైలు, మధ్యాహ్నం పదిమందితో కలిసి టీ, నాలుగు కొత్త పరిచయాలు. తీరా చూస్తే వారం తిరక్కుండానే కంపెనీవాళ్లు "ఇంటి నుంచే చేసుకోండమ్మా" అన్నారు. ఆఫీసులో ఏసీ పాడైందట. ఇంకేముంది, రైలూ పోయింది, టీ కూడా పోయింది.

పనైనా గొప్పదా అంటే అదీ లేదు. కంపెనీ ఒక యాప్ చేసింది. తెలుగులో ఏం అడిగినా మెషీన్ జవాబు చెబుతుందని పేరు. కానీ పుస్తకాల తెలుగు తప్ప మన దిక్కు మాట ఆ మెషీన్ తలకెక్కదు. అలాంటి ప్రశ్నలు గుట్టుగా ఇంటర్న్ దగ్గరికి వస్తాయి. ఇంటర్నే మెషీన్ లాగా జవాబు రాయాలి. "నేను మనిషిని" అన్నదో, కంపెనీ ఇస్తానన్న ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

మొదటి వారంలోనే తాండూరంతా తిరిగి ఫోన్లలో యాప్ ఎక్కించింది రెబెక్క. చర్చికి వచ్చేవాళ్లు, కిరాణా కొట్టు ఇంద్రమ్మ, ఇంట్లోవాళ్లు, ఎవరినీ వదల్లేదు. ఆ ప్రశ్నలన్నీ ఆమెకే వస్తాయి. పేరు కనిపించదు, గొంతు వినిపించదు. ఎవరైనా సరే అతిథే, పక్కన ఒక నంబరు.

స్నేహితులంతా హైదరాబాద్‌లో చేరారు. గ్రూపులో రోజూ ఫోటోలు పెడుతుంటారు. ఈమె లింక్డ్‌ఇన్‌లో కనిపించిన ప్రతి పెద్ద ఇంజినీరుకూ నమస్కారం పెట్టింది. ఒక్కరి నుంచీ ఉలుకూ పలుకూ లేదు.

ఇంట్లో చూస్తే, అక్క రెండో కాన్పుకని అమ్మ వాళ్ల ఊరు దోమకు పోయి అక్కడే ఉండిపోయింది. నాన్న ఏసుదాసుది బండల పాలిషింగ్ యూనిట్‌లో పని. నోట్లో నాలుక లేని మనిషి. మొదట్లో ఒకసారి అన్నం కంచం పట్టుకుని గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏం పని బిడ్డా అది?"

"చెప్పినా నీకు సమజ్ కాదు డాడీ," అంది రెబెక్క, స్క్రీన్ మీది కళ్లు ఎత్తకుండా.

ఆయన మళ్లీ అడగలేదు. కంచం బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి పోవడం అలవాటు చేసుకున్నాడు.

అలాంటి రోజుల్లో వచ్చాడు అతిథి ఏడు.

దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. అక్షరాలు వెతుక్కుని కొడుతున్నట్టు, ప్రశ్న రావడానికే చాలాసేపు పట్టేది.

"ఇంటర్న్‌షిప్ అంటే ఏంది?"

"పని నేర్చుకుంటూ చేసే పని. జీతం ఉండదు, ఉన్నా టీ ఖర్చులకు చాలదు," అని రాసింది.

"గట్లయితే జర ఓపిక వట్టాలె."

మర్నాడు ఇంకొకటి. "నెట్‌వర్కింగ్ అంటే?"

"తెలియనివాళ్లతో పరిచయం పెంచుకోవడం."

"తెల్వనోళ్లతోని ఎందుకు? ఎర్కున్నోళ్లతోనే మాట్లాడరాక సస్తున్న."

రెబెక్క పకపకా నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వడం అదే మొదలు. ఎవరో పాపం, దౌల్తాబాద్ దిక్కు నుంచి వచ్చి తాండూరులో చదువుకుంటున్న పిల్లాడై ఉంటాడనుకుంది. మనసులో తమ్ముడని పేరు కూడా పెట్టేసుకుంది. ఇక సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూపు.

ఒకరోజు క్లౌడ్ అంటే ఏందని అడిగాడు. రెండుసార్లు చెప్పినా తలకెక్కలేదు. చివరికి ఇలా రాసింది: "మన కందులు తీసుకుపోయి గోదాంలో పెడతాం కదా. కందులు మనవి, గోదాం వేరేవాళ్లది. కావాలన్నప్పుడు పోయి తెచ్చుకుంటాం. క్లౌడ్ కూడా అంతే. ఫోటోలు మనవి, కంప్యూటర్ వేరేవాళ్లది."

"ఇప్పుడు సమజ్ అయింది," అన్నాడు.

ఇవన్నీ ఎందుకు నేర్చుకుంటున్నావని మెషీన్ అడగకూడదు. రెబెక్క అడిగేసింది.

"ఒకరి దగ్గర కూసొని మాట్లాడాలె. ఆళ్లు మస్తు చదువుకున్నోళ్లు. దగ్గరికి పోతే నాకు నోరు పెగుల్తలేదు."

రెబెక్క ఆ మాటలు మళ్లీ చదువుకుంది. తన బతుకూ అంతే కదా. "తప్పు మాట్లాడినా ఏం కాదు. ఒక్క మాటతో మొదలుపెట్టు," అని రాసింది.

చివరి రోజు వచ్చింది. ఆ సాయంత్రంతో లాగిన్ బంద్ అన్నారు కంపెనీవాళ్లు. ఉద్యోగం సంగతి రేపు చెబుతారట. రెబెక్కకు ఆ దిగులు లేదు. ఎండాకాలం మొత్తంలో తనతో మాట్లాడింది ఒక్కడే, వాడికేమో తను మనిషినని కూడా తెలియదు. అదీ ఆమె ఏడుపు.

దీపాలు పెట్టే వేళ అయింది.

"ఇయ్యాల పోయి మాట్లాడ్త," అన్నాడు అతిథి. "గుండె దడదడ అంటున్నది."

రెబెక్క ఇక ఆగలేదు. ఉద్యోగం పోతే పోయిందనుకుంది. "నేను మెషీన్‌ని కాదు, మనిషిని. నాక్కూడా మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. మనం ఒకసారి కలుద్దామా?" అని కొట్టి పంపేసింది.

ఆలస్యమైపోయింది. అప్పటికే అతిథి వెళ్లిపోయాడని చూపిస్తోంది. రెబెక్క ల్యాప్‌టాప్ మూసి, దాని మీదే తల వాల్చుకుంది.

తలుపు మెల్లగా తెరుచుకుంది, చొక్కా జేబులో ఫోన్ టింగుమన్నా పట్టించుకోకుండా, గడప అవతలే నిలబడి, ఏసుదాసు గొంతు సవరించుకుని అడిగాడు: "బిడ్డా, క్లౌడ్ అంటే కందులు మనయి, గోదాం వేరేటోళ్లది... గంతేనా?"