సూదికి మూత

"నా బతుకు బుగ్గి చేశావు కదరా" అంటూ కాంపౌండర్ ఆరో మంచం మీది లారీ డ్రైవర్ మీద విరుచుకుపడ్డాడు. అతని చూపుడువేలి కొసన రక్తపు బొట్టు నిలిచి ఉంది.

"నేనేం చేశానయ్యా? నాకు పొడిచిన సూది నువ్వే పొడుచుకున్నావు" అన్నాడు డ్రైవర్. మూడు వారాల జ్వరంతో అతను ఎముకల గూడులా ఉన్నాడు.

వాడిన సూదికి మూత పెట్టవద్దని, అలాగే డబ్బాలో వేయాలని గోడ మీద రాసే ఉంది. ఇరవై ఏళ్లుగా కాంపౌండర్ మూత పెట్టే వేస్తున్నాడు.

"ఊరూరా తిరిగే లారీవాడివి. నీ వాలకం చూస్తే తెలీదూ? ఎయిడ్సే."

ఐదో మంచం ముసలాయన తన మంచాన్ని గోడ వైపు జరుపుకున్నాడు.

సిస్టర్ కాంపౌండర్‌ని కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. "వేలు పిండకండి. సబ్బు రాసి నీళ్ల కింద పెట్టండి. తిట్లు తర్వాత." వెంటనే ఒక మాత్ర మింగించింది. "జబ్బు అంటకుండా ఇది నెల్లాళ్లు వేసుకోవాలి. ఈలోగా ఇద్దరి రక్తమూ చూస్తాం, ఒప్పుకుంటేనే."

"వాడిది చూడండి. నాదెందుకు?"

"ఇవాళ్టికి మీరెలా ఉన్నారో కాగితం మీద ఉండాలి."

"అయితే తీసుకోండి. రేపు నాకేమైనా అయితే వీణ్ణి కోర్టుకీడ్చడానికి పనికొస్తుంది."

డ్రైవర్ కూడా చెయ్యి చాపాడు. "నాది వచ్చాక అందరి ముందే చెప్పండమ్మా. ఈయన అరిచినంత గట్టిగా."

కబురంది కాంపౌండర్ భార్య వచ్చింది. వస్తూనే డ్రైవర్ తాగే గ్లాసు తీసి చెత్తబుట్టలో పడేసింది. "మా సంసారంలో నిప్పులు పోశావు కదరా."

"గ్లాసుతో రాదమ్మా" అంది సిస్టర్.

"నీకేం, ఎన్నైనా చెబుతావు. మొగుడు నావాడు."

అరగంటకి డ్రైవర్ కాగితం వచ్చింది. సిస్టర్ వార్డు మధ్యలో నిలబడి చదివింది. "ఆరో మంచానికి ఎయిడ్స్ జబ్బు లేదు. ఉన్నది టైఫాయిడ్."

ఐదో మంచం మళ్లీ ఇటు జరగలేదు.

"గండం గడిచింది. పదండి ఇంటికి" అంది భార్య. కాంపౌండర్ మొహం కడుక్కుని తల దువ్వుకున్నాడు. డ్రైవర్ వైపు చూడలేదు.

"నా గ్లాసు తీసిచ్చి వెళ్లమ్మా" అన్నాడు డ్రైవర్. ఆమె వినిపించుకోలేదు.

"మీ కాగితం ఇంకా రాలేదు" అంది సిస్టర్.

"నాదానికింత ఆలస్యమేంటి?"

"మళ్లీ మళ్లీ చూస్తున్నారు."

ఇంకో గంటకి సిస్టర్ అతన్ని ఒక్కణ్ణే లోపలి గదిలోకి పిలిచి తలుపు వేసింది. భార్య బయట బల్ల మీద కూర్చుని, ఇలాంటివాళ్లని వార్డులో ఉంచకూడదని పక్కావిడకి చెబుతోంది. ఆ మాటలు లోపలికి వినబడుతున్నాయి.

"నాకూ లేదనేగా?" అన్నాడు కాంపౌండర్.

"ఉంది. మూడు రకాల కిట్లతో చూశారు."

అతను గోడ పట్టుకున్నాడు. "వాడే. వాడి సూదే."

"ఇవాళ గుచ్చుకున్నది పరీక్షలో కనబడడానికి వారాలు పడుతుంది కాంపౌండర్‌గారూ. మీకున్నది పాతది. ఆవిడకి మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా?"